లోహాన్ని పట్టుకోవడం వేరు, పంటకు అందకుండా ఆపడం వేరు

(హ్యూమిక్ ఎరువులు, నేలలోని భార లోహాల గురించి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరస దాకా వినిపిస్తోందా? సరే.

ముందు ఒక డబ్బా గురించి చెబుతాను. హ్యూమిక్ యాసిడ్ డబ్బా, అంటే నేలకు పోసే నల్లటి ద్రవ ఎరువు. కంపెనీ పేరు అనవసరం, ఇలాంటి రాత చాలా డబ్బాల మీద కనిపిస్తుంది. వెనక వైపు చిన్న అక్షరాల్లో లాభాల జాబితా ఉంటుంది. అందులో ఒకచోట "జింక్, ఇనుము వంటి సూక్ష్మపోషకాలు మొక్కకు బాగా అందుతాయి" అని రాశారు. నాలుగు వరసలు దిగాక "కాడ్మియం, సీసం వంటి విషలోహాలు మొక్కకు అందకుండా ఆపుతుంది" అని రాశారు.

రెండు మాటలూ విడివిడిగా చదివితే బాగానే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చదివితేనే ఇబ్బంది. జింక్ ఏదో, కాడ్మియం ఏదో ఆ నల్లటి ద్రవానికి ఎలా తెలుస్తుంది? ఆవర్తన పట్టికలో రెండూ ఒకే నిలువు వరసలో, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రెండింటి అయాన్లకూ రెండు ధనావేశాలే. మొక్క వేరుకే వాటి తేడా సరిగ్గా తెలియదు. జింక్, మాంగనీసు, ఇనుము లోపలికి తెచ్చుకోవడానికి పెట్టుకున్న ద్వారాల్లోంచే కాడ్మియం కూడా దూరిపోతుంది. వరిలో అయితే అది ప్రధానంగా మాంగనీసును మోసుకొచ్చే ప్రోటీన్ ద్వారానే లోపలికి వస్తుందని 2012లో తేలింది. అంతటి వేరే పోల్చుకోలేనిది, డబ్బాలోని ద్రవం పోల్చుకుంటుందా?

ఈ ప్రశ్న చుట్టూనే ఇవాళ్టి మాటలు. డబ్బా మీద రాసింది అబద్ధమని నేను అనడం లేదు. రెండూ నిజం కావచ్చు. కానీ ఒకే నేలలో, ఒకే మోతాదులో, ఒకే రోజున రెండూ నిజం కావడం కష్టం.

ఈ బల్ల మీద మూడు గాజు గొట్టాలు ఉన్నాయి. ముందు వరస వాళ్లు కొంచెం పక్కకు జరిగితే అందరికీ కనబడుతుంది. మూడింట్లోనూ పొటాషియం హ్యూమేట్ ద్రావణమే, అంటే క్షారంలో కరిగించిన హ్యూమిక్, చిక్కటి డికాషన్ రంగులో ఉంది. మొదటి దాన్ని ముట్టుకోను, అలాగే ఉండనిద్దాం. రెండో దాంట్లో ఆమ్లం చుక్కలు వేస్తున్నాను... చూడండి, ముందు మసకబారింది. ఇప్పుడు గోధుమరంగు తరకలు కడుతున్నాయి. ఇంకాసేపటికి అడుగుకు దిగుతాయి. అలా దిగేదే హ్యూమిక్ యాసిడ్. క్షారంలో కరుగుతుంది, గట్టి ఆమ్లంలో విరిగిపోతుంది. దాని పేరుకు ఉన్న నిర్వచనం అంతే. పైన లేత పసుపు నీరు మిగిలింది కదా, అందులో ఉన్నది ఫుల్విక్ యాసిడ్. అది ఆమ్లంలోనూ కరిగే ఉంటుంది. క్షారంలోనూ ఆమ్లంలోనూ కరగకుండా మట్టిని అంటిపెట్టుకుని ఉండే మూడో భాగాన్ని హ్యూమిన్ అంటారు.

1786లో ఆకార్డ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పీట్ మట్టిని, అంటే తడి నేలల్లో సగం కుళ్లి పేరుకున్న మొక్కల పదార్థాన్ని, క్షారంతో ఉడికించి ఈ నల్లటి పదార్థాన్ని మొదట బయటికి తీశాడు. అప్పటి నుంచీ మనం దాన్ని అదే పద్ధతిలో తీస్తున్నాం. అసలు నేలలో హ్యూమిక్ యాసిడ్ అనే ప్రత్యేక పదార్థం ఉందా, లేక క్షారం పోసి మనమే తయారు చేస్తున్నామా అని 2015లో నేచర్ పత్రికలో గట్టి వాదనే వచ్చింది. ఆ గొడవ ఇంకా చల్లారలేదు. మనకు ఇవాళ దానితో పనిలేదు. డబ్బాలో ఉన్నది మాత్రం నిజంగా ఉంది, దాని గుణం మన కళ్ల ముందు ఉంది.

మూడో గొట్టంలో మైలుతుత్తం నీళ్లు పోస్తున్నాను, అంటే కాపర్ సల్ఫేట్. నీలం రంగు ఏమైంది? కొద్దిగా పోసినప్పుడు గోధుమరంగులో కలిసిపోయింది. ఇంకాస్త పోస్తే ఇక్కడా తరకలు కడుతున్నాయి. ఇప్పుడు చూసిన రెండు దశలనూ గుర్తు పెట్టుకోండి. మొదటి దశలో రాగి హ్యూమిక్‌కు పట్టుబడింది, కానీ ఇంకా నీళ్లలోనే తిరుగుతోంది. రెండో దశలోనూ పట్టుబడింది, కానీ అడుగున కూర్చుంది. పట్టుకోవడం రెండింట్లోనూ జరిగింది. పంట సంగతి తేలేది మాత్రం పట్టుకున్నాక ఎక్కడ కూర్చుంది అనే దాని మీద.

పట్టుకునే చేతులు ఏవంటే, కార్బాక్సిల్, ఫినాలిక్ గుంపులు. అక్కడి ఉదజని ఊడిపోయినప్పుడు రుణావేశం మిగులుతుంది, లోహం వచ్చి అతుక్కుంటుంది. కార్బాక్సిల్ గుంపులు పీహెచ్ 4, 5 దగ్గరే చేతులు చాస్తాయి. ఫినాలిక్ వాటికి ఇంకా క్షారత కావాలి. అందుకే ఆమ్ల నేలలో ఈ పదార్థం సగం చేతులు కట్టేసుకుని ఉంటుంది. మరి కాడ్మియం బెడద ఎక్కువగా ఉండేది ఆమ్ల నేలల్లోనే. ఇదో తిరకాసు.

ఇక అన్ని లోహాలనూ ఒకే గట్టితనంతో పట్టుకోదు. పాదరసం, రాగి, సీసం అంటే గట్టి పట్టు. కాడ్మియం, జింక్, నికెల్ అంటే వదులు పట్టు. రాగి విషయంలో నేల నుంచే సాక్ష్యం ఉంది. ఉత్తర ఐరోపాలో పీట్ నేలలను, బీడు నేలలను కొత్తగా సాగులోకి తెచ్చినప్పుడు ధాన్యపు పంటల ఆకుల కొసలు తెల్లబడి, కంకుల్లో గింజ లేకుండా పోయేది. దానికి రిక్లమేషన్ జబ్బు అని పేరు పెట్టారు. చివరికి తేలింది ఏమిటంటే, అది రాగి లోపం. అంత సేంద్రియ పదార్థం ఉన్న నేలలో ఉన్న కాస్త రాగినీ అదే బిగించి పట్టుకుంది, మొక్కకు చిక్కనివ్వలేదు. హ్యూమస్, అంటే నేలలో కుళ్లి నల్లబడిన సేంద్రియ పదార్థం, లోహాన్ని నిజంగా ఆపగలదు అనడానికి ఇంతకన్నా గట్టి రుజువు నాకు తెలియదు. కానీ అది రాగి. అది పీట్ నేల. ఆ రెండు షరతులూ మర్చిపోయి ఇదే మాటను కాడ్మియానికి, మామూలు నేలకు, డబ్బా మందుకు అంటగడితేనే తప్పులో కాలేస్తాం.

కాడ్మియం గురించి ఇంత బాధ ఎందుకో ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు వెళ్తాను. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో జింజూ నది ఉంది. ఎగువన గనుల నుంచి కాడ్మియం ఆ నీళ్లలో కలిసి వరి మడుల్లోకి చేరింది. ఏళ్ల తరబడి ఆ బియ్యం తిన్నవాళ్లలో, ముఖ్యంగా వయసు మళ్లిన స్త్రీలలో, మూత్రపిండాలు పాడై ఎముకలు మెత్తబడిపోయాయి. చిన్నపాటి కదలికకే ఎముక విరిగేది. "ఇతాయి ఇతాయి" అని ఆ జబ్బు పేరు, అంటే "నొప్పి, నొప్పి" అని. 1968లో జపాన్ ప్రభుత్వం దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా అధికారికంగా ఒప్పుకుంది. కాడ్మియం మూత్రపిండాల్లోకి ఒకసారి చేరితే అందులో సగం బయటికి పోవడానికే పది నుంచి ముప్ఫై ఏళ్లు పడుతుంది. ఇంకో సంగతి, కాడ్మియం పేరుకున్న మొక్క చాలాసార్లు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. ఆకు వాడదు, మచ్చ పడదు. చూపుకు దొరకదు.

సరే, అసలు విషయానికి వద్దాం. వేరు దగ్గర ఏం జరుగుతుంది?

మట్టి లేకుండా, పోషక ద్రావణంలో మొక్కను పెంచి అందులో కాడ్మియం, హ్యూమిక్ యాసిడ్ రెండూ కలిపితే సాధారణంగా మొక్కలోకి పోయే కాడ్మియం తగ్గుతుంది. కారణం తేలిక. వేరు లోపలికి తీసుకునేది ఎక్కువగా విడిగా తిరిగే అయాన్‌నే. హ్యూమిక్ దాన్ని పట్టుకుంటే విడి అయాన్లు తగ్గుతాయి. బోలెడు ప్రయోగాలు ఇక్కడే ఆగిపోయి "హ్యూమిక్ ఆపుతుంది" అని తేల్చేశాయి.

మట్టిలో కథ వేరు. వేరు తన చుట్టూ ఉన్న అయాన్లను పీల్చేసుకున్నాక అక్కడ మిల్లీమీటరులో ఎన్నో వంతు మందం ఉన్న నీటి పొర ఖాళీ అవుతుంది. దూరంగా మట్టి రేణువును అంటుకుని ఉన్న కాడ్మియం అక్కడికి రావాలంటే ఎవరో మోసుకురావాలి. నీటిలో కరిగి తిరిగే చిన్న సేంద్రియ అణువులు, ముఖ్యంగా ఫుల్విక్ రకం, సరిగ్గా ఆ పని చేస్తాయి. రేణువు మీది కాడ్మియాన్ని ఊడదీసి, వదులుగా పట్టుకుని, వేరు పక్కకు చేర్చి, అక్కడ వదిలేస్తాయి. పట్టు వదులు కాబట్టే వదలడం కూడా సులభం. డబ్బా మీద జింక్ బాగా అందుతుందని రాసింది ఈ పని గురించే. జింక్‌కు చేసిన సేవ కాడ్మియానికి చేయదని నమ్మకం ఏమిటి?

అందుకే ఈ రంగంలో ఒక వింత ఉంది. కలుషితమైన నేలలో లోహాన్ని కదలకుండా కట్టేయడానికి హ్యూమిక్ యాసిడ్ వాడేవాళ్లు ఒకవైపు ఉన్నారు. అదే నేలలో మొక్కల చేత లోహాన్ని ఎక్కువగా తాగించి, ఆ మొక్కలను కోసి తీసేసి నేలను శుభ్రం చేద్దామని అదే హ్యూమిక్ యాసిడ్ వాడేవాళ్లు ఇంకోవైపు ఉన్నారు. పొగాకు మీద 2004లో వచ్చిన ఒక ప్రయోగంలో హ్యూమిక్ యాసిడ్ వేశాక ఆకుల్లో, కాండంలో కాడ్మియం పెరిగింది. చేసినవాళ్లకు కావలసింది కూడా అదే. ఇద్దరూ నిజాయితీపరులే. ఒకరి నేలలో హ్యూమిక్ ఘన రూపంలో కూర్చుంది, ఇంకొకరి నేలలో కరిగి తిరిగింది.

కరిగి తిరుగుతుందా, కూర్చుంటుందా అనేది ఏం నిర్ణయిస్తుంది? హ్యూమిక్ అణువు పెద్దదైతే, బంకమట్టి, ఇనుప ఆక్సైడ్లు దండిగా ఉంటే, నేలలో కాల్షియం ఉంటే అది మట్టికి అతుక్కుని ఘన భాగంలో చేరిపోతుంది. దానితో పాటు లోహమూ ఆగుతుంది. ఇసుక నేల, తక్కువ కాల్షియం, చిన్న ఫుల్విక్ అణువులు, లేదా సోడియంతో నిండిన నేల అయితే కరిగే ఉంటుంది. ఫుల్విక్ ఖరీదైనది కాబట్టి మేలైనదని ఒక నమ్మకం ఉంది. పోషకాల సంగతి పక్కన పెట్టండి, లోహాలున్న నేలలో మాత్రం నేను దాని జోలికి పోను.

ఇప్పుడు మోతాదు. ఎక్కువసేపు దీని మీదే ఉంటాను, ఎందుకంటే అసలు మోసం ఇక్కడే జరుగుతుంది. కావాలని చేసే మోసం కాదు, లెక్క వేయకపోవడం వల్ల జరిగేది.

హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. పై 15 సెంటీమీటర్ల మట్టి తీసుకుంటే 1,500 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు మట్టి సుమారు 1.3 టన్నులు తూగుతుంది. అంటే దాదాపు 2,000 టన్నులు. కిలోల్లో 20 లక్షలు. కుండీల్లో చేసే ప్రయోగాల్లో మట్టి బరువులో ఒక శాతం హ్యూమిక్ పదార్థం కలపడం మామూలే. ఆ ఒక శాతం పొలంలో వేయాలంటే హెక్టారుకు 20 టన్నులు. పొలంలో నిజంగా వేసేది ఎంత? పది కిలోలు అనుకుందాం. అంటే కిలో మట్టికి 5 మిల్లీగ్రాములు, ప్రయోగంలో వేసిన దానిలో 2,000వ వంతు. సముద్రంలో కాకిరెట్ట అంటారే, అలాంటిది.

కాడ్మియం కూడా తక్కువే కదా, సరిపోదా అని అడుగుతారు. మంచి ప్రశ్నే. కిలో మట్టిలో 1 మిల్లీగ్రాము కాడ్మియం ఉందంటే హెక్టారుకు 2 కిలోలు. పది కిలోల హ్యూమిక్‌కు ఆ రెండు కిలోలను పట్టుకునే చేతులు కాగితం మీద ఉన్నాయి. కానీ ఆ చేతుల కోసం కాడ్మియం ఒక్కటే క్యూలో లేదు. ఒక మాదిరి సారవంతమైన నేలలో, అదే హెక్టారు పై మట్టిలో, మట్టి రేణువుల మీది నుంచి ఊడి రావడానికి సిద్ధంగా ఉన్న కాల్షియమే నాలుగు టన్నులు ఉండవచ్చు. రెండు కిలోల కాడ్మియం, నాలుగు టన్నుల కాల్షియం! పైగా నేలలో ఇప్పటికే ఒక శాతం సేంద్రియ పదార్థం ఉంటే అది 20 టన్నులు. ఆ 20 టన్నులూ చేయలేని పనిని కొత్తగా వచ్చిన పది కిలోలు చేసిపెడతాయా?

అలాగని కుండీ ప్రయోగాలు దండగ అనను. వాటిని చదివేటప్పుడు పద్ధతుల భాగంలో రెండు అంకెలు వెతకండి. ఒకటి, ఎంత వేశారు. రెండోది, వేశాక పీహెచ్ ఎంత మారింది. రెండో దాని మీద నా సొంత అనుభవం ఒకటి ఉంది. విద్యార్థిగా ఉన్నప్పుడు రెండు వరసల కుండీలు పెట్టాను. ఒక వరసకు పొటాషియం హ్యూమేట్, ఇంకో వరసకు ఉత్త నీళ్లు. హ్యూమేట్ వేసిన వరసలో మొక్కల కాడ్మియం తగ్గింది. ఎగిరి గంతేసి మా సార్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కాగితం చూడకుండానే "పీహెచ్ తీశావా?" అన్నారు. తీయలేదు. పొటాషియం హ్యూమేట్ అంటే హ్యూమిక్‌ను కాస్టిక్ పొటాష్‌లో కరిగించినది, అదే ఘాటైన క్షారం. నేను కుండీలకు హ్యూమిక్‌తో పాటు క్షారం కూడా పోశానన్నమాట. పీహెచ్ పెరిగితే కాడ్మియం దానంతట అదే మట్టికి అతుక్కుంటుంది, హ్యూమిక్ లేకపోయినా. మూడో వరస పెట్టి, ఉత్త కాస్టిక్ పొటాష్ పోసి, సీజనంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. తగ్గుదలలో ఎక్కువ భాగం ఆ వరసలోనూ కనిపించింది. [నవ్వులు] మీరు నవ్వుతున్నారు, నాకు అప్పుడు నవ్వు రాలేదు.

ఇంకో మెలిక, ఎదుగుదల. హ్యూమిక్ వల్ల వేళ్లు బాగా సాగుతాయి, ముఖ్యంగా పీచు వేళ్లు. ఇది వేరు కణాల పొరలోని ప్రోటాన్ పంపు, అంటే ఉదజని అయాన్లను బయటికి తోసే ప్రోటీన్, చురుకవడం వల్ల అని మొక్కజొన్న మీద బాగానే తేల్చారు. మొక్క పెద్దదైతే లోహం పలచబడుతుంది. ఊరికే ఊహించిన అంకెలతో చెబుతాను. హ్యూమిక్ వేయని మొక్కకు 100 గ్రాముల ఆకు, అందులో కిలోకు 0.24 మిల్లీగ్రాముల కాడ్మియం. వేసిన మొక్కకు 150 గ్రాముల ఆకు, కిలోకు 0.18. ఆకుకూరలకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 0.2. మొదటిది ఫెయిలు, రెండోది పాసు. కానీ మొక్క నేల నుంచి లాగిన మొత్తం కాడ్మియం లెక్కేయండి. మొదటి దాంట్లో 0.024 మిల్లీగ్రాములు, రెండో దాంట్లో 0.027. తినేవాడికి రెండోదే నయం, అందులో సందేహం లేదు. అయితే "హ్యూమిక్ లోహాన్ని ఆపింది" అనే మాట మాత్రం అక్కడ తప్పు. పైగా ఆ ప్రోటాన్ పంపు వేరు చుట్టూ ఆమ్లత పెంచుతుందని కూడా గుర్తుంచుకోండి.

మిగతా లోహాల గురించి గబగబా. సీసాన్ని హ్యూమస్ గట్టిగా పట్టుకుంటుంది, వేరు కూడా చాలావరకు తనలోనే ఆపుకుంటుంది. ఆకుల్లో కనిపించే సీసంలో పెద్ద వాటా వాన చినుకులకు చిట్లిన మట్టిది, గాలిలో వచ్చిన దుమ్ముది. నేలకు హ్యూమిక్ పోసి ఆకు మీది దుమ్మును ఆపలేం, కడుక్కోవాలి. క్రోమియంలో విషపూరితమైనది క్రోమియం-6 అనే రూపం. సేంద్రియ పదార్థం దాన్ని క్రోమియం-3 రూపంలోకి మార్చి కదలకుండా చేస్తుంది, ఆమ్ల నేలలో ఇంకా త్వరగా. హ్యూమిక్‌కు నేను నిస్సంకోచంగా మార్కులు వేసేది ఇక్కడే.

ఆర్సెనిక్ మాత్రం పూర్తిగా అడ్డం తిరుగుతుంది. నీళ్లు నిలవని నేలలో అది ఎక్కువగా రుణావేశంతో తిరుగుతుంది, హ్యూమిక్‌దీ రుణావేశమే. ఇనుప ఆక్సైడ్ల మీద ఆర్సెనిక్ కూర్చున్న చోట్ల కోసం హ్యూమిక్ పోటీపడి దాన్ని నీళ్లలోకి తోసేస్తుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో సేంద్రియ పదార్థం సూక్ష్మజీవులకు మేత. అవి ప్రాణవాయువు లేని చోట ఇనుప ఆక్సైడ్లను కరిగిస్తాయి, ఆర్సెనిక్ ఒక్కసారిగా వదులవుతుంది. వదులైంది సిలికాన్ కోసం వరి వేరు తెరిచి పెట్టుకున్న దారిలోంచి లోపలికి పోతుంది. అదే మడిలో కాడ్మియం సల్ఫైడ్‌గా మారి బుద్ధిగా కూర్చుంటుంది, కోతకు ముందు నీళ్లు తీసేస్తే మళ్లీ లేస్తుంది. నీళ్లు నిలిపితే ఆర్సెనిక్, తీస్తే కాడ్మియం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇలాంటి మడికి "భార లోహాలకు మందు" అని ఒకే డబ్బా ఇవ్వడం ఎంత ప్రమాదమో మీరే చెప్పండి.

ఇక ఏం చేయాలి అంటారా. ముందు నేల పరీక్ష, అందులో పీహెచ్. ఆమ్ల నేలలో కాడ్మియం ఉంటే మొదట సున్నం, తర్వాతే ఏదైనా. సేంద్రియ పదార్థం వేయాలంటే బాగా మాగిన కంపోస్టు, టన్నుల్లో, ఏటేటా. పచ్చిగా వేస్తే కరిగే భాగం ఎక్కువ, మాగింది అయితే కూర్చునే భాగం ఎక్కువ. ఆ కంపోస్టు దేనితో చేశారో తెలుసుకోండి. చెత్త వేరు చేయకుండా చేసిన కంపోస్టులో సీసం, కాడ్మియం ఉచితంగా వస్తాయి. హ్యూమిక్ ముడిసరుకైన లియోనార్డైట్ కూడా ఒక రకం బొగ్గే, దాని లోహాల పరీక్ష రిపోర్టు అడగడం కొనేవాడి హక్కు. ఫాస్ఫేట్ ఎరువుల్లోని కాడ్మియం మీద యూరోపియన్ యూనియన్ 2022 నుంచి పరిమితి పెట్టింది, కిలో ఫాస్ఫరస్ పెంటాక్సైడ్‌కు 60 మిల్లీగ్రాములు. లోపలికి రాకుండా ఆపడమే అన్నిటికన్నా చవక. అన్నిటికన్నా ఖరీదైనది జింజూ ఒడ్డున చేసింది. అక్కడ పాడైన మడుల మట్టిని తొలగించో, కప్పేసో పైన మంచి మట్టి పరిచారు, ఆ పనికి ముప్ఫై ఏళ్లు పైనే పట్టింది.

పంట ఎంపిక కూడా ఉంది. ఆకుకూరలు, పొగాకు, పొద్దుతిరుగుడు కాడ్మియాన్ని బాగా లాగుతాయి. చెట్ల పండ్లలోకి చాలా తక్కువ వెళ్తుంది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక శ్రోత: డీటీపీఏ పరీక్షలో లోహం ఎక్కువ అని వచ్చింది. హ్యూమిక్ వేశాక కూడా తగ్గలేదు. పనిచేయనట్టేనా?)

అలా అనలేం. డీటీపీఏ కూడా లోహాన్ని పట్టుకునే రసాయనమే, హ్యూమిక్ కన్నా గట్టిది. హ్యూమిక్ చేతిలో ఉన్నదాన్ని కూడా లాక్కుని చూపిస్తుంది. ఆ పరీక్షను జింక్, ఇనుము లోపాలు కనిపెట్టడానికి 1970లలో తయారు చేశారు. పలచటి కాల్షియం క్లోరైడ్‌తో చేసే పరీక్ష కాడ్మియం విషయంలో పంటకు దగ్గరగా ఉంటుంది. అన్నిటికన్నా నయం, ఆకునో గింజనో పరీక్షకు పంపడం.

(ఇంకొక శ్రోత: కంపోస్టు కుళ్లిపోయాక పట్టుకున్న లోహం మళ్లీ బయటికి రాదా?)

1990లలో మురుగు బురద ఎరువుల మీద సరిగ్గా ఈ వాదనే నడిచింది, టైమ్ బాంబ్ అని పేరు కూడా పెట్టారు. కొంత వస్తుంది. కొంత ఇనుప ఆక్సైడ్లకు, బంకమట్టికి మారి అక్కడ ఉండిపోతుంది. ఏటేటా అన్నది అందుకే. వేయడం మానేసి, పీహెచ్ కూడా పడిపోనిస్తే బయటికి వచ్చే భాగం పెరుగుతుంది.

(వెనక వరస నుంచి: మా డ్రమ్ములో హ్యూమిక్ కలిపితే విరిగిపోతోంది. కల్తీ సరుకా?)

మీ నీళ్లు ఉప్పదనంగా ఉంటాయా? సబ్బు నురగ రాదా? అయితే కల్తీ కాకపోవచ్చు, నీళ్లలోని కాల్షియం విరగ్గొడుతోంది. ఇదిగో, ఈ మొదటి గొట్టాన్ని ఇందాకటి నుంచీ ముట్టుకోలేదు కదా, దీంట్లో కాల్షియం క్లోరైడ్ వేస్తాను, దగ్గరికి వచ్చి చూడండి. మీ డ్రమ్ములో దిగుతున్నది ఇలాంటి తరకలేనా?